తూకానికెక్కని ఆకు

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో స్టోరు చూసుకునే ఆమెను అందరూ కాటా అక్క అంటారు. ఆమెకన్నా చిన్నవాళ్లూ అంటారు, పెద్దవాళ్లూ అంటారు, మేనేజరు కూడా ఒక్కోసారి నోరు జారి అనేసి నాలిక కరుచుకుంటాడు. ఉల్లిపాయల బస్తా వచ్చినా, నూనె డబ్బా వచ్చినా ముందు అది ఆమె కాటా ఎక్కవలసిందే. ఆ తరవాతే వంటింట్లోకి అడుగు. కాటా ఎక్కనిది తిండే కాదన్నది ఆమె మతం.

ఒక్క కొత్తిమీరకే మినహాయింపు. అది కూరగాయల బండిలో బీన్స్ బస్తాల మీద తడిగోనె కప్పుకుని వస్తుంది. బండివాడు దాన్ని తూచడు, బిల్లులో వెయ్యడు. "కొసరు అక్కా" అంటూ నాలుగు కట్టలు బల్ల మీద పడేసి పోతాడు. వంటమేస్త్రీ చేతికందినంత కోసి పైన చల్లుతాడు. బీన్స్ కిలోల్లో, కొత్తిమీర గుప్పిళ్లలో. ఆమె ఉద్యోగంలో చేరేనాటికే ఈ పద్ధతి ఉంది. ఎందుకలా అని అడగాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. తోచదు మరి. మనిషికి అన్నిటి మీదా కన్నుంటుందా ఏమిటి!

ఆమె భర్త దర్జీ. ఇంట్లో వీధివైపు గదే ఆయన దుకాణం. రెండు మిషన్లు, ఒక కోత బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన కోట్లు. ఒక మిషను మీద ఆయన, రెండో దాని మీద ఆయన చెల్లెలు కూర్చుంటారు. కాజాలు, గుండీలు, అంచులు ఆ ఆడపడుచు పని. లోకంలో ఉన్న అందరి సంగతులూ పట్టించుకోవడం కూడా ఆవిడ పనే. దర్జీ మాత్రం మాటల మనిషి కాడు. "నోట్లో ఎప్పుడూ గుండుసూదులే ఉంటే ఇక మాటలకు చోటెక్కడిది వదినా" అంటుంది ఆడపడుచు.

కిందటేడు ఆయన గుండెలో ఒక కవాటం చెడిపోయింది. ఆసుపత్రిలో ఛాతీ తెరిచి, దాన్ని తీసేసి, లోహంతో చేసిన కొత్తది బిగించారు. పక్కన కూర్చుని చెవి ఒగ్గితే గడియారంలా టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. "మా అన్నయ్య ఇక బట్టలు ఆలస్యం చెయ్యడు, లోపలే గడియారం పెట్టేశారు" అని ఆడపడుచు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. కాటా అక్కకు నవ్వు రాలేదు. ఆ చప్పుడు ఆగిపోతే తన గతేమిటన్న భయం ఆమెను పట్టుకుంది, వదల్లేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "లోహం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందమ్మా. అందుకే రక్తాన్ని పలచగా ఉంచే ఈ మాత్ర రోజూ వేసుకోవాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. నెలనెలా రక్తపరీక్ష చేయించండి. ఇంకో సంగతి. ఆకుపచ్చ కూరలు మానెయ్యక్కర్లేదు. కానీ రోజూ ఒకే కొలతలో తినాలి. ఇవాళ బోలెడు, రేపు శూన్యం అంటే మాత్ర లెక్క తప్పుతుంది."

"కొలత సంగతి నాకొదిలెయ్యండి డాక్టరుగారూ" అంది కాటా అక్క. ఆసుపత్రిలో అడుగుపెట్టాక ఆమె ధీమాగా పలికిన మొదటి మాట అదే.

వంటింట్లోకి చిన్న కాటా వచ్చింది. ఆకుకూరలన్నిటినీ ఆమె గడప తొక్కనివ్వలేదు. ఒక్క బీన్స్‌నే నమ్ముకుని, రోజూ ఒకే తూకం ఆయన గిన్నెకు విడిగా వండింది. ముల్లు అటు జరిగితే ఒక కాయ తీసేసేది, ఇటు జరిగితే సగం కాయ వేసేది. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించింది. నూనె తగ్గించమన్నారు, తగ్గించింది. వెన్న, వేపుళ్లు, మిఠాయిలు వద్దన్నారు, అవీ పోయాయి. ఇక మిగిలిన కూర రుచి ఎలా ఉంటుందో చెప్పాలా? నోట్లో పెట్టుకుంటే అట్టముక్క. దర్జీ పల్లెత్తు మాట అనలేదు. కొలతలు చెప్పినట్టు కుట్టే మనిషి, పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. మొదటి రెండు పరీక్షల్లో రక్తం సరిగ్గా ఉండవలసినంత పలచగా ఉంది.

ఇక్కడ కాటా అక్క స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఆమె కోపం తాటాకు మంట. భగ్గుమంటుంది, చల్లారుతుంది. చల్లారాక ఆమెకు ఎక్కడలేని బాధ. కానీ "తప్పయింది" అన్న మాట ఆమె నోట పలకదు. వాళ్లమ్మ నోటా పలికేది కాదు. ఆ ఇంట్లో క్షమాపణలన్నీ గరిటెతోనే జరిగేవి. దర్జీని తిట్టిన మర్నాడు ఆయన కంచంలో వెన్న రెండింతలయ్యేది, లేదా ఏదో ఒక వేపుడు వచ్చి కూర్చునేది. ఆయన అది చూసి తలూపేవాడు. తగాదా తీరిపోయేది. ఎన్నో ఏళ్ల కాపురం అలాగే సాగింది, బాగానే సాగింది.

ఇప్పుడు వెన్న లేదు, వేపుడు లేదు. డాక్టరమ్మ నిషేధించనిది ఇంట్లో ఒకే ఒకటి మిగిలింది. క్యాంటీన్ నుంచి వస్తూ కాటా అక్క సంచిలో వేసుకొచ్చే కొసరు కొత్తిమీర కట్ట.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి దర్జీ కోటు గుడ్డ చుట్టను భుజాన ఎత్తుకుని అటక మీదికి నెడుతున్నాడు.

"ఏవండీ! బుద్ధుందా మీకు? వాళ్లు కుట్టింది మీ గుండెని, కోటుని కాదు. పిగిలిపోతే మళ్లీ ఎవరు కుడతారు?" అని ఆమె వీధంతా వినేలా అరిచింది. ఎదురుగా కొలతలివ్వడానికి వచ్చిన మనిషి ఉన్నాడని కూడా చూడలేదు. దర్జీ చుట్ట దించాడు, నోట్లో సూదులు తీసి డబ్బాలో పెట్టాడు, టేపు అందుకున్నాడు.

మర్నాడు ఆయన బీన్స్ మీద కొత్తిమీర పచ్చటి దుప్పటిలా పరుచుకుంది. ఆ మర్నాడూ అంతే. ఆ వారంలోనే పరీక్ష వచ్చింది. రక్తం చిక్కబడిందని తేలింది.

"మాత్రలు ఏమైనా మానేశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ" అన్నాడు దర్జీ.

"ఆకుపచ్చవి ఏం పెడుతున్నారమ్మా?"

"బీన్స్ అండీ. రోజూ ఒకే తూకం. ఆకుకూరన్నది ఇంట్లోకి రానివ్వలేదు" అంది కాటా అక్క. అబద్ధం చెప్పలేదు పాపం. అడిగితే ప్రమాణం చేసి కూడా అదే చెప్పేది.

డాక్టరమ్మ మాత్ర కొద్దిగా పెంచింది. బీన్స్ తూకం తప్పలేదు. మరి తప్పిందేమిటి? దారి పొడుగునా కాటా అక్క ఇదే ఆలోచన. తన లెక్క తప్పలేదంటే ఆయన లెక్క తప్పి ఉండాలి. పెళ్లైన కొత్తలో ఈయన దగ్గుమందు పూలకుండీలో పారబోసిన సంగతి ఆమె మర్చిపోలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఇల్లు చేరేలోగా అది పెరిగి పెద్దదైంది.

ఆ సాయంత్రం ఆయన మాత్ర వేసుకోగానే, "నోరు తెరవండి" అంది.

ఆయన నవ్వాడు. "నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

"తెరవండి. నాలిక ఎత్తండి."

మొదటిరోజు నవ్వుతూ ఎత్తాడు. రెండోరోజు నవ్వలేదు. నాలుగైదు రోజులయ్యేసరికి మిషను తొక్కడం ఆపి, "నువ్వు నన్ను దొంగను చేస్తున్నావోయ్" అన్నాడు.

"దొంగ కాకపోతే రక్తం ఎందుకు చిక్కబడింది? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"వదినా, నా కళ్లెదురుగా వేసుకుంటాడు. ఆ మాత్ర రంగు కూడా చెప్పమంటే చెప్తాను" అని ఆడపడుచు అడ్డొచ్చింది.

"మీ అన్నయ్యను నువ్వు వెనకేసుకురాక ఇంకెవరు వేసుకొస్తారులే" అంది కాటా అక్క. ఆ దెబ్బకు ఆడపడుచు కూడా మూతి ముడుచుకుంది. ఆ రోజు దుకాణంలో మిషన్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

పక్కన పడుకున్న మనిషి గుండెలో ఆ టిక్కుటిక్కు వింటుంటే కాటా అక్క ప్రాణం ఉసూరుమనేది. ఈయన మంచివాడే, నేనే గయ్యాళిని అనుకునేది. లేపి ఒక్క మాట చెబుదామనుకునేది. నోరు పెగిలేది కాదు. తెల్లారాక క్యాంటీన్‌కు పోయి, బల్ల మీదున్న కట్టల్లో పెద్దది ఏరి సంచిలో వేసుకునేది. సాయంత్రం ఆ కట్టంతా కాడలతో సహా తరిగి ఆయన గిన్నెలో కలిపేది. ఆయన గిన్నె ఖాళీ చేసి, "బావుంది" అనేవాడు. ఆమె మనసు కుదుటపడేది. ఒకటి రెండు రోజులకు మళ్లీ అనుమానం తలెత్తేది, మళ్లీ నోరు తెరవమనేది, మళ్లీ గొడవ, మళ్లీ కట్ట.

ఆ నెల పరీక్షలో రక్తం ఇంకా చిక్కబడి ఉంది.

డాక్టరమ్మ గది అంటే గది కాదు. పొడుగాటి హాల్లో ఒక తెర అడ్డం పెట్టారు. తెర బయట బెంచీల నిండా జనం. లోపల ఎవరు దగ్గినా ఎవరు ఏడ్చినా అందరికీ వినబడుతుంది.

"చూడండి, మాత్ర పెంచినా ఇలా ఉందంటే నాకు భయంగా ఉంది" అంది డాక్టరమ్మ. "కవాటం మీద గడ్డకట్టి, అది మెదడుకు వెళ్తే చెయ్యీ కాలూ పడిపోతాయి. మాట పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. నా దగ్గర దాచకండి. మాత్రలు మానేస్తున్నారా?"

దర్జీ భార్య వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పిసుక్కుంటోంది. కళ్ల కింద నల్లటి గుంటలు.

"అవునండీ. అప్పుడప్పుడూ... మానేస్తున్నాను" అన్నాడు.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. రాదా మరి? "ప్రాణమంటే ఆటగా ఉందా మీకు? ఇంతమంది కష్టపడి బతికించింది ఇందుకేనా?" అని గట్టిగానే కేకలేసింది. నర్సు కేసు కాగితం మీద 'మాత్రలు మానేసే అలవాటు ఉంది' అని రాసుకుంది. తెర అవతల ఎవరో పెదవి చప్పరించారు. "ఈ వయసులో ఇదేం పాడుబుద్ధో" అన్న మాట స్పష్టంగా వినబడింది. దర్జీ తల దించుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు బెంచీల మధ్య నుంచి ఆ తల దించుకునే నడిచాడు.

కాటా అక్క గెలిచింది. తన లెక్కే నిజమైంది. గెలిచినందుకు ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. తన లెక్కే తప్పై ఉంటే ఎంత బావుండును అని అప్పుడు తెలిసింది ఆమెకు. ఎందుకు మానేశారని అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆనాటి నుంచి మాత్ర ఆమె చేతుల మీదుగానే పడింది. భోజనం కాగానే ఆయన అరచేతిలో పెట్టి, నీళ్లిచ్చి, గొంతు కదిలేదాకా చూసేది. ఆయన బుద్ధిగా మింగేవాడు. అంతమందిలో తలొంచుకున్న మనిషి! తిట్లు ఆగిపోయాయి. జాలి పొంగింది. ఆ జాలి చూపించుకునే దారి ఆమెకు ఒక్కటే తెలుసు గనక, ఒక కట్ట రెండు కట్టలైంది. ఆయన గిన్నెలో బీన్స్ ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చేది.

"మా అన్నయ్యకు కూర వండుతున్నావా, తోట వేస్తున్నావా వదినా?" అంది ఆడపడుచు.

"తిననీ పాపం. ఇంకేం పెట్టగలను" అంది కాటా అక్క.

తరవాత ఒక ఉదయం, కోటు చెయ్యి కత్తిరిస్తున్న దర్జీ చేతిలోంచి కత్తెర జారిపడింది. వంగి తియ్యబోయాడు. వేళ్లు మూసుకోలేదు. ఆయన తన కుడిచేతిని పరాయివాళ్ల చెయ్యిని చూసినట్టు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆడపడుచు పెట్టిన కేకకు వంటింట్లోంచి కాటా అక్క పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రికి వెళ్లే దారిలోనే వేళ్లు మెల్లగా కదిలాయి. కానీ పరీక్షించిన డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"చిన్న గడ్డ ఏదో మెదడుకెళ్లి కరిగిపోయినట్టుంది. ఈసారి అదృష్టం. వచ్చేసారి ఇలా ఉండదు" అంది డాక్టరమ్మ. రక్తపరీక్ష కాగితం చూపించింది, రక్తం మునుపటికన్నా చిక్కన. "మళ్లీ మానేశారా?"

"లేదండీ. నా చేత్తో నేనే వేశాను. ఒక్కరోజు తప్పలేదు. గొంతు దిగేదాకా చూశాను" అంది కాటా అక్క.

డాక్టరమ్మ పాత పరీక్ష కాగితాలన్నీ మళ్లీ తిరగేసింది. "అయితే తిండిలో ఏదో ఉండి ఉండాలమ్మా. జాగ్రత్తగా గుర్తు చేసుకోండి. ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో" అని, దర్జీని వార్డులో చేర్చుకుని సూదిమందు మొదలుపెట్టించింది. గుండెకు స్కానింగు చెయ్యాలంటూ ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు.

వరండాలో ఒక్కతే నిలబడ్డ కాటా అక్కకు అప్పుడు వెలిగింది. తన చేత్తో వేసినా రక్తం చిక్కబడిందంటే, అంతకుముందు చిక్కబడింది కూడా మాత్ర మానేసినందువల్ల కాకపోవచ్చు. మరి ఆయనెందుకు మానేశానన్నాడు?

ఆడపడుచును వార్డు దగ్గర కూర్చోబెట్టి, స్టోరు తాళాలు అప్పగించి రావడానికి ఆమె క్యాంటీన్‌కు వెళ్లింది. వంటమేస్త్రీ సుద్దముక్క పట్టుకుని, వడ్డించే గట్టు పక్కన కొత్తగా తగిలించిన నల్లబోర్డు మీద కుస్తీ పడుతున్నాడు.

"వచ్చావా అక్కా! బావగారికి ఎలా ఉంది?" అన్నాడు. ఆమె చెప్పింది విని, నిట్టూర్చి, ఆమె మనసు మళ్లించాలని కాబోలు బోర్డు చూపించాడు. "మన మేనేజరు సారుకు కొత్త పిచ్చి పట్టింది. రోజుకో కూరగాయనీ, రోజుకో వాసనాకునీ పక్కపక్కన పెట్టి, దేంట్లో ఎంత బలముందో రాయమన్నాడు. ఇవాళ బీన్స్‌కీ కొత్తిమీరకీ పందెం. వంద గ్రాములు ఇదీ, వంద గ్రాములు అదీ. పీచు దగ్గర రెండూ సరిసమానం. ఇనుము దగ్గర కొత్తిమీరది పైచెయ్యి. సి విటమిన్ దానికి రెట్టింపు. ఎ విటమిన్ అయితే ఇక చెప్పక్కర్లేదు. బీన్స్ పరువు గంగలో కలిసిందక్కా."

"వంద గ్రాముల కొత్తిమీర ఎవడు తింటాడయ్యా, మేక తప్ప" అంది కాటా అక్క. ఆమె మనసు అక్కడ లేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నోరే జవాబు చెప్పింది.

వంటమేస్త్రీ నవ్వి, చేతిలోని కాగితం చూసి చివరి వరస చదివాడు. "ఇదేదో కె విటమినట. బీన్స్‌లో ఉన్నదానికి ఏడింతలు కొత్తిమీరలో. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుందని పక్కన రాశారు."

"ఏమన్నావు? మళ్లీ చదువు."

అతను మళ్లీ చదివాడు. ఆమె తాళాలగుత్తి గట్టు మీద పెట్టి, బల్ల దగ్గరికి నడిచింది. ఆ ఉదయం కొసరు కట్టలు అక్కడే పడి ఉన్నాయి. నిన్న ఆయన గిన్నెలో వేసినంత, రెండు పెద్ద కట్టలు తీసి, వేళ్లు తుంచి, నీళ్లు విదిలించి, కాటా మీద పెట్టింది. ఆ ఉద్యోగంలో చేరాక కొత్తిమీర కాటా ఎక్కడం అదే మొదటిసారి. ముల్లు వంద గ్రాములు దాటి పోయింది.

వంటమేస్త్రీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె పక్కనున్న బస్తా మీద కూలబడింది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికింది తను! కింద బీన్స్‌ను కాయ తేడా రాకుండా తూచి, దాని మీద ఏడింతల సరుకును కళ్లు మూసుకుని కుమ్మరించింది. అదీ రోజూ ఒకేలా కాదు. తిట్టినరోజు కాదు, మర్నాడు. కోపం వచ్చినప్పుడు కాదు, ప్రేమ వచ్చినప్పుడు. తిట్టడం, బాధపడడం, కట్ట వెయ్యడం, రక్తం చిక్కబడడం, ఎందుకు చిక్కబడిందని మళ్లీ తిట్టడం. ఆ చక్రం తిప్పింది తన చెయ్యే. పరాయి మనిషెవరూ మధ్యలో లేరు. ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

ఆమె వార్డుకు చేరేసరికి దర్జీ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కవాటం మీద గడ్డలేమీ లేవని, అది బాగానే పనిచేస్తోందని ఆడపడుచు ఎదురొచ్చి చెప్పింది. అన్నయ్యకు పండ్లరసం తెస్తానంటూ వెళ్లింది. కాటా అక్క మంచం అంచున కూర్చుని, కూరగాయల బండి నుంచి నల్లబోర్డు దాకా అంతా చెప్పింది.

"మరి మీరెందుకు మానేశానన్నారు? మానలేదుగా?" అంది చివరికి.

"మానలేదు."

"మరి?"

దర్జీ కుడిచేతి వేళ్లు ముడిచి, విప్పి చూసుకున్నాడు. "నీకు నిద్రలేదు. ఎందుకిలా అవుతోందో తెలీక చచ్చిపోతున్నావు. నేను మానేశానంటే కారణం దొరికినట్టుంటుంది, నీ మనసు నిమ్మళిస్తుంది అనిపించింది. ఎలాగూ నమ్మడం లేదు కదా అని కూడా అనిపించింది. నువ్వు నమ్మనప్పుడు నేను వేసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. "అంత కొత్తిమీర తిన్నారే, ఒక్కనాడైనా ఎందుకింత అని అడగాలనిపించలేదా?" అంది, ఏదో ఒకటి అనాలని.

దర్జీ ఇబ్బందిగా నవ్వాడు. "నాకది పడదోయ్. మొదటినుంచీ పడదు. సబ్బు నమిలినట్టుంటుంది. ఇదివరకు నాలుగాకులు వేస్తే అంచుకు నెట్టేసేవాణ్ణి, నువ్వెప్పుడూ చూళ్లేదు."

"పడకపోతే మరి కట్టలకు కట్టలు ఎలా తిన్నారండీ?"

"నువ్వు తిట్టిన మర్నాడే అది ఎక్కువుండేది. నీకు నోటితో చెప్పడం రాదని నాకు తెలీదా? ఒక్క ఆకు వదిలేసినా నువ్వు చెప్పింది నేను వినలేదనుకుంటావని మొత్తం తినేసేవాణ్ణి."

కాటా అక్క ఆయన ముఖంలోకి చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో వార్డులో బూట్ల చప్పుడు. డాక్టరమ్మ వచ్చింది, వెనక నలుగురు కుర్రడాక్టర్లు, నర్సు. చుట్టూ మంచాల మీది రోగులూ, వాళ్ల చుట్టాలూ మాటలాపి ఇటు తిరిగారు. నర్సు కేసు కాగితం తీసి, "కవాటం మార్చిన మనిషి. మాత్రలు మానేసే అలవాటు..." అని చదవడం మొదలుపెట్టింది.

"అది కొట్టెయ్యండి" అంది కాటా అక్క లేచి నిలబడి.

"ఏమిటమ్మా?"

కాటా అక్క కొత్తిమీర సంగతి డాక్టరమ్మకు చెప్పింది. ఎన్ని కట్టలో, ఏ రోజుల్లో ఎక్కువో, ఏ రోజుల్లో లేదో ఏదీ దాచలేదు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నాలుగాకులు చల్లుకుంటే ఏమీ కాదమ్మా. ఇన్నిన్ని కట్టలు, అదీ రోజుకో తీరుగా అయితే ఇలాగే అవుతుంది. పైన చల్లేవాటి గురించి నేను విడిగా అడిగి ఉండాల్సింది" అంది. "పోనీలెండి, కారణం దొరికింది. కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది."

"అది సర్దుకుంటుందండీ. ఇది సర్దుకోవద్దూ?" అంది కాటా అక్క కాగితం చూపిస్తూ. స్టోరు గుమ్మంలో నిలబడి బండివాణ్ణి పిలిచేటప్పటి గొంతు అది. వార్డు చివరి మంచం దాకా వినబడింది. "ఈయన ఒక్క మాత్ర కూడా మానలేదు. నేను సాధిస్తుంటే పడలేక, నా మనసు కుదుటపడాలని తన మీద వేసుకున్నాడు. నమ్మకపోవడం నా తప్పు. దొంగను చేసింది నేను. ఈయన ప్రాణం మీదికి తెచ్చిందీ నేనే. తప్పయిందండీ. నాదే తప్పు."

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెయ్యి చాచి, కుడిచెయ్యే, ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు.

"మెల్లగా చెప్పవోయ్. అందరూ వింటున్నారు."

"విననివ్వండి" అంది కాటా అక్క. "ఆవేళ మీరు తల దించుకున్నప్పుడు కూడా అందరూ విన్నారు."